గుమ్మంలో అడిగిన పేరు

రంగమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, నవ్వింది.

"చోద్యం కాకపోతే, ఆయన పేరు నేనెట్లా చెప్తానే తల్లీ?"

మాధురి చేతిలో పెన్ను ఆగిపోయింది. తెనాలిలో ఒక నరాల డాక్టరు క్లినిక్‌లో, మేడ మీద ఆమెది చిన్న గది. డాక్టరు కింద మందులు రాస్తాడు. మతిమరుపు అనుమానం ఉన్నవాళ్లను మాత్రం ముందు పైకి పంపుతాడు. మాధురి వాళ్లకు ముప్ఫై మార్కుల పరీక్ష పెడుతుంది. తారీకు చెప్పడం, జిల్లా చెప్పడం, ఐదు మాటలు గుర్తుపెట్టుకోవడం, వందలోంచి ఐదుసార్లు ఏడేసి తీసివేస్తూ పోవడం, గడియారం బొమ్మ గీయడం, చివర్లో ఇంట్లోవాళ్ల పేర్లు. ఇరవై నాలుగు వస్తే ఇబ్బంది లేదు. ఒక్కటి తగ్గినా జబ్బు మొదలైందని అనుమానించాలి. పదకొండేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే.

రంగమ్మది రేపల్లె. అరవై ఎనిమిదేళ్లు. తారీకు అడిగితే, "తారీకులు ఆయన చూసుకుంటారు. తిథి కావాలంటే చెప్తా, బహుళ పంచమి" అంది. మాధురి ఫోన్లో చూసింది. పంచమే. కాగితంలో తిథికి గడి లేదు. మీ ఊరు ఏ జిల్లా అంటే గుంటూరు అంది. ఇప్పుడు బాపట్ల జిల్లా అయిందండీ అంటే, "అయితే కానీ. నేను కాపురానికొచ్చింది గుంటూరు జిల్లాకే" అంది. చెంబు, రైలు, పసుపు, గొడుగు, కాకి అనే మాటల్లో చెంబూ, పసుపూ, కాకీ చెప్పగలిగింది. తీసివేతలు మూడు దాకా బాగానే చేసి, "ఇంక చాల్లే, కళ్లు తిరుగుతున్నాయి" అని ఆపేసింది. పోయిన మార్కులు ఆరు. మిగిలింది భర్త పేరు. అది చెబితే ఇరవై నాలుగు, చెప్పకపోతే ఇరవై మూడు.

"పోనీ ఈ కాగితం మీద రాయండి పిన్నిగారూ."

"నోటితో అనకూడనిది చేత్తో రాయొచ్చా? బాగుంది వరస!"

"పిల్లల పేర్లు?" అంది మాధురి, తనూ నవ్వి.

"పెద్దాడు రాజీవ్. అమ్మాయి బిందుమాధవి. దాని కూతురికి పేరేదో బారెడు పెట్టారు, మేం పింకీ అంటాం."

మాధురి ఆ గడి దగ్గర సున్నా వేయబోయి, వేయకుండా కాగితం మడిచింది. జవాబు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అని ఆమెకు నేర్పారు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు కనుక, లోపలికి ఏం పంపామో, బయటికి ఏం వచ్చిందో రాసుకుని, మధ్యలో జరిగింది ఊహించాలి. కానీ ఇక్కడ బయటికి వచ్చింది ఒక నవ్వు. పేరు లోపల ఉండి పెదవుల దగ్గర ఆగిందా, అసలు లోపలే లేదా? రెంటికీ అదే నవ్వు వస్తుంది కదా.

బయట బెంచీ మీద వెంకటకృష్ణయ్య చెవి మిషను సర్దుకుంటున్నాడు. పక్కన బిందుమాధవి ఒళ్లో తొమ్మిది నెలల పింకీ నిద్రపోతోంది.

"బాబాయిగారూ, పిన్నిగారు ఎప్పుడైనా మీ పేరు పలికారా?" గట్టిగా అడిగింది మాధురి.

"మా ఇంట్లో అట్లాంటివి లేవమ్మా" అన్నాడాయన, ఎవరో నేరం మోపినట్టు. తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చి మెత్తబడ్డాడు. "పెళ్లైన మర్నాడు గుమ్మంలో మా అక్క కోటిరత్నం అడ్డం నిలబడి చెప్పించింది. అదొక్కసారే. యాభై ఏళ్లయింది."

బిందుమాధవి మాధురిని పక్కకు తీసుకెళ్లింది. ఆమె బాపట్లలో టీచరు. సోమవారంతో సెలవు అయిపోతుంది. భర్త ఒడిశాలో ఉద్యోగం. పింకీని రేపల్లెలో అమ్మ దగ్గర ఉంచి, తను రోజూ వచ్చిపోవాలని ఏర్పాటు. పోయిన నెల అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ చూరింది. అప్పట్నించీ బిందుమాధవికి నిద్ర లేదు.

"నాకు మార్కులొద్దు మేడం. పిల్లని అమ్మకి వదలొచ్చా, వద్దా? ఒక్క మాట."

"ఇవాళ చెప్పలేనండి."

"సోమవారం లోపు చెప్పాలి మరి."

శుక్రవారాలు మాధురి బాపట్ల వెళ్లి డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పి వస్తుంది. ఆ వారం పాఠం కాగ్నిటివ్ పద్ధతి, అంటే బుర్రను కంప్యూటరులా చూసి, లోపలికి పంపిందీ బయటికి వచ్చిందీ బట్టి ఆలోచనను అంచనా కట్టడం; దాని బలాలు, బలహీనతలు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న, తప్పకుండా వస్తుంది.

"మేడం, బలాలు ఎన్ని రాయాలి?" అన్నాడు వెనక బెంచీలోంచి అఖిల్.

"నాలుగు."

"బలహీనతలు?"

"అవీ నాలుగే."

"అయితే ఇంతకీ ఆ పద్ధతి మంచిదా కాదా మేడం?"

క్లాసంతా నవ్వింది. మాధురి కూడా నవ్వి, బోర్డు వైపు తిరిగింది. బోర్డు మీద ఎడమ వైపు తను రాసిన నాలుగు బలాలూ కాకుమాను నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని గుర్తు చేశాయి. ఇంట్లోవాళ్లంతా వయసు మీదపడింది, అంతే అన్నారు. కాగితంలో పంతొమ్మిది వచ్చింది. ఆ పంతొమ్మిదిని పట్టుకుని వెతికితే థైరాయిడ్ అని తేలింది. మందులు వాడాక ఆరు నెలలకు ఇరవై ఎనిమిది. కాగితం లేకపోతే ఆయన్ని ఒక మంచం మీద పడేసి ఉండేవాళ్లు. కుడి వైపు నాలుగు బలహీనతలు అమృతలూరు నుంచి వచ్చిన రిటైర్డ్ గుమస్తాని గుర్తు చేశాయి. ఆయనకు ఇరవై తొమ్మిది వచ్చింది. కరచాలనం చేసి మరీ వెళ్లాడు. ఆ సాయంత్రమే ఇంటిదారి తెలియక పొన్నూరు బస్టాండులో కూర్చుని ఉంటే ఎవరో తీసుకొచ్చారు. రెండూ నిజమే. బోర్డు మీదైతే మధ్యలో ఒక గీత గీసి రెండింటినీ విడదీయొచ్చు. రంగమ్మను ఏ వైపు రాయాలి?

తన గదిలో ఒక గడియారం బొమ్మ గీసి వెళ్లిపోయిన ఆ ముసలి చేతులు రోజంతా ఏం చేస్తాయో తనకు తెలియదని మాధురికి ఆ గదిలో, నలభై మంది ఎదుట, ఉన్నట్టుండి తట్టింది. గుమ్మంలో అడ్డం నిలబడిన ఆడపడుచు గుర్తొచ్చింది. మామూలుగా అనకూడని పేరును అనమని అడిగే చోటు ఆ ఒక్క గుమ్మమే. అక్కడ చెప్పకపోతే తప్పు. సాయంత్రం బిందుమాధవికి ఫోన్ చేసింది. "మీ మేనత్త కోటిరత్నం గారు ఉన్నారా?"

"మా పక్కిల్లే. బ్రహ్మాండంగా ఉంది. నోరు కూడా."

శనివారం పొద్దున తెనాలిలో రేపల్లె రైలెక్కింది. ఒళ్లో జవాబు పత్రాలు పెట్టుకుని దిద్దుదామనుకుంది. వేమూరు దాటేదాకా ఒక్కటే దిద్దగలిగింది. "బలహీనత ఒకటి: మనిషిని కంప్యూటరు అనుకొనుట. బలహీనత రెండు: కంప్యూటరుకు బంధువులు ఉండరు" అని రాసి ఉంది. పుస్తకంలో లేని రెండో దానికి మార్కు వేయాలా వద్దా తేలక, భట్టిప్రోలు వచ్చేసరికి పత్రాలన్నీ సంచిలో పెట్టేసింది.

కోటిరత్నానికి డెబ్భై ఆరేళ్లు. రంగమ్మ ఇంటి హాల్లో, విషయం సగం వినగానే చీర కుచ్చిళ్లు బిగించింది.

"ఓస్, ఇంతేనా! నా తమ్ముడి పెళ్లాన్ని ఆపడానికి నాకు డాక్టర్లు చెప్పాలా?"

"కోప్పడకుండా, సరదాగా అడగండి పెద్దమ్మగారూ."

"నేనెప్పుడు కోప్పడ్డాను? ఏమే బిందూ, నేనెప్పుడన్నా కోప్పడ్డానా?"

బిందుమాధవి వంగి పిల్ల గౌను సర్దడం మొదలుపెట్టింది.

వెంకటకృష్ణయ్య, రంగమ్మ మార్కెట్టు నుంచి వచ్చేసరికి కోటిరత్నం గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"పేర్లు చెప్పి లోపలికి రండి!"

"అక్కా, బెండకాయలు బరువుగా ఉన్నాయే, జరుగు" అన్నాడు వెంకటకృష్ణయ్య.

"చెప్తే జరుగుతా."

"వదినగారూ, మీకేం పోయేకాలమండీ, ఈ వయసులో!" రంగమ్మ మొహం ఎర్రబడింది.

"అప్పుడు చెప్పావుగా? దానికి గడువు తీరిపోయింది. మళ్లీ చెప్పు. మా పుట్టింటి గుమ్మం ఇది, నా ఇష్టం."

"రంగమ్మతో వచ్చాను, సరేనా?" అన్నాడాయన.

"నీదెవడికి కావాలిరా? దాన్ని చెప్పమను."

రంగమ్మ తల వంచుకుంది. మాధురి హాల్లో కిటికీ పక్కనుంచి చూస్తోంది. వీధిలో ఒక ఆటో వెళ్లింది. రంగమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పాఠం అప్పజెప్పినట్టు, చిన్నపిల్ల గొంతుతో, గడగడా అంది:

"వెంకటకృష్ణయ్యగారితో కలిసి రంగమ్మ వచ్చింది, తలుపు తియ్యండి."

కోటిరత్నం చప్పట్లు కొట్టింది. వెంకటకృష్ణయ్య చెవి మిషను నొక్కుకుంటూ, "ఏంటీ, ఏమంది?" అన్నాడు. "నీ పేరేరా, మళ్లీ యాభై ఏళ్లకి వినిపిస్తుందిలే" అంది అక్క. బిందుమాధవి కళ్లు తుడుచుకుంటూ మాధురి దగ్గరికొచ్చి, "ఇరవై నాలుగు!" అంది గుసగుసగా.

ఇరవై నాలుగే. మాధురి గుండె తేలికపడాల్సింది. పడలేదు. అంత వేగంగా, అంత తడుముకోకుండా వచ్చిన జవాబు ఆమెను భయపెట్టింది. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడు ఏడెనిమిదులు యాభై ఆరు అంటాడు. ఏడు బుట్టలు, ఒక్కో బుట్టలో ఎనిమిది మామిడికాయలు ఉంటే ఎన్ని అని అడిగితే మాత్రం నోరు తెరుస్తాడు.

రంగమ్మ కాఫీ పెట్టింది. మాధురి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. పొడి కొలత తప్పలేదు, చక్కెర తప్పలేదు. గ్లాసులు తీసుకుని రంగమ్మ హాల్లోకి వచ్చింది. వెనకే వెంకటకృష్ణయ్య మంచినీళ్లకన్నట్టు వంటింట్లోకి వెళ్లి, వెలుగుతున్న పొయ్యి కట్టేశాడు. ఫ్రిజ్ తలుపు మూశాడు. పెరటి కుళాయి కట్టేశాడు. మాధురి చూస్తోందని తెలిసి, "మా ఇంట్లో ఈ డ్యూటీ నాదమ్మా" అన్నాడు, అదేదో పెళ్లినాడు ఒప్పుకున్న బాధ్యత అన్నట్టు.

"ఎన్నాళ్లుగా బాబాయిగారూ?"

"ఏం?" అన్నాడు. గట్టిగా అడిగితే ఆలోచించాడు. "ఏమో. మొదట్నించీ ఇంతేననుకుంటా."

పింకీ లేచి ఏడ్చింది. ఆయనకు వినపడలేదు. హాల్లో అందరికంటే ముందు లేచింది రంగమ్మ. పిల్లను తీసుకుంది, చెవి దగ్గర వేలితో తాకి చూసింది, పిల్ల తల పక్కకు తిప్పుకుంది. "ఆకలి కాదే, చెవి. నిన్న స్నానంలో నీళ్లు పోయాయి. నూనెలూ అవీ పోయకు, డాక్టరుకి చూపించు" అంది కూతురితో. తర్వాత పిల్లను భుజాన వేసుకుని, "ఊరుకోమ్మా బిందూ, ఊరుకో" అంటూ తట్టింది.

బిందూ. మాధురి ఉలిక్కిపడింది. మరుక్షణమే, ఏ అమ్మమ్మ మనవరాల్ని కూతురి పేరుతో పిలవదు గనక, అనుకుంది. ఆమె సొంత అమ్మమ్మ కూడా ఆమెను మూడు పేర్లు దాటుకుని వస్తేగానీ మాధురీ అనేది కాదు. ఈ ఇంట్లో ఏ జబ్బు లక్షణం చూసినా, అది ఒక మామూలు అలవాటును దుప్పటిలా కప్పుకుని పడుకుని ఉంది. ఆమె పొయ్యి మర్చిపోతుంది, ఆయన కట్టేస్తాడు. ఆయనకు ఏడుపు వినపడదు, ఆమెకు అందరికంటే ముందే వినపడుతుంది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి పరీక్ష పెడితే ముప్ఫైకి ముప్ఫై. కానీ కాగితం మీద పేరు రాసే చోటు ఒకటే ఉంది. పైగా ఆయన మార్కెట్టుకెళ్లిన గంట సంగతేంటి?

"కరివేపాకు కోసిస్తా రా తల్లీ" అంటూ రంగమ్మ పిల్లను కూతురికిచ్చి, మాధురిని పెరట్లోకి తీసుకెళ్లింది. చెట్టు దాకా వెళ్లాక, వెనక్కి చూసి గొంతు తగ్గించింది.

"గుమ్మంలో చెప్పాను కదా. అది పాటలాంటిదే. మొదలెడితే నోరే చెప్పేసింది. చెప్పాక నేనూ మీతోపాటే విన్నాను. ఓహో, ఇదా పేరు అనుకున్నా."

మాధురి ఒక కొమ్మను ఆమెకు అందేలా వంచి పట్టుకుంది.

"దసరాల్నించి రావట్లేదు. బ్యాంకులో ఒకమ్మాయి అడిగింది, నవ్వేశాను. ఆ అమ్మాయీ నవ్వింది. నువ్వూ నవ్వావుగా మొన్న? ఎవరికీ అనుమానం రాదు." రెమ్మలు విరుస్తూనే ఉంది. "పిల్లని నాకు వదలొద్దని బిందుకి చెప్పు. మతిమరుపని మాత్రం చెప్పకు. ఆయన తట్టుకోలేరు."

"మరి ఏ కారణం చెప్పను?"

"చదువుకున్నదానివి. నువ్వే చూడు."

తన మరుపును ఇంత కచ్చితంగా పట్టుకుని, తేదీతో సహా చెప్పి, దాన్ని ఎక్కడ దాచాలో, ఎవరి దగ్గర విప్పాలో లెక్క వేసుకున్న బుర్రకు ఏ జబ్బు ఉన్నట్టు? మాధురి రంగమ్మ మొహంలోకి చూసింది. అక్కడ భయం వెతికింది. కనిపించింది అలసట. అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. అది అడగకూడనిదనిపించింది. అయినా అడిగింది.

"పిన్నిగారూ, నిజంగానే గుర్తు లేదా? లేకపోతే... పిల్లని చూసుకోవడం మీకు కష్టమనా?"

రంగమ్మ చేతులు ఆగాయి. కోసిన రెమ్మలన్నీ ఒక చేతిలోకి తీసుకుంది.

"ఇద్దర్ని కన్నాను. మరుదుల పిల్లలు నలుగుర్ని పెంచాను. నీకు ఓపికుందా అని ఒక్కళ్లు అడగలేదు. నీ కాగితంలోనూ ఆ ప్రశ్న లేదుగా."

"అంటే పేరు గుర్తుందా?"

"ఇదిగో, దీన్ని ఎండలో పెట్టకు, నల్లబడుద్ది" అని కరివేపాకు చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మాధురి పెరట్లోనే నిలబడింది. మర్చిపోయానని ఒప్పుకోవడం అబద్ధమైతే, ఆమె అలిసిపోయిందని అర్థం. ఒప్పుకోవడం నిజమైతే, పిల్లకు ప్రమాదం. రెండూ కొంచెం కొంచెం నిజమైతే? ఏ దారిన వెళ్లినా పిల్లను ఇక్కడ ఉంచకూడదనే తేలుతోంది. కానీ ఏ దారిన వచ్చిందో తెలియకుండా చేరిన చోటును జవాబు అనొచ్చా? విద్యార్థి ఎవరైనా అట్లా రాస్తే తను మార్కు వేసేది కాదు.

వరండాలో బిందుమాధవి ఎదురు చూస్తోంది.

"ఉంచకండి" అంది మాధురి.

"అదేంటి? ఇరవై నాలుగు వచ్చిందిగా!"

"వచ్చింది."

"ఇరవై మూడు వచ్చినప్పుడేమో చెప్పలేనన్నారు. ఇరవై నాలుగు వచ్చాక వద్దంటున్నారు. ఏంటండీ ఇది?"

"మార్కుల్ని బట్టి కాదండి."

"మరి దేన్ని బట్టి?"

 మాధురి రంగమ్మకు మాట ఇవ్వలేదు, ఇచ్చినట్టే ఉంది. "ఆవిణ్ణి మీరొకసారి అడగండి. చేతనవుతుందా అని కాదు. ఇష్టమేనా అని."

"అమ్మకి ఇష్టం కాకపోవడమేంటి?" అంది బిందుమాధవి. కోపంగానే లోపలికి వెళ్లింది. లోపల ఏం అడిగిందో, రంగమ్మ ఏం చెప్పిందో వరండాలోకి వినపడలేదు. వెంకటకృష్ణయ్య "ఏంటీ? ఏంటీ?" అనడం మాత్రం రెండుసార్లు వినిపించింది.

మూడున్నరకి ఇద్దరూ బస్టాండులో ఉన్నారు. బాపట్ల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బిందుమాధవి పిల్లతో కిటికీ పక్కన కూర్చుంది. మాధురి రైలుకు ఇంకా టైముంది, అందుకని కింద నిలబడింది.

"హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను. జీతం లేకుండా ఇంకో నెల సెలవు. తర్వాత సంగతి తర్వాత."

"మీ అమ్మగారు ఏమన్నారు?"

"ఇష్టమేనా అంటే, నీ ఇష్టమే నా ఇష్టం అంది. అదేం జవాబు మేడం? పిల్లని తీసుకెళ్తున్నా అంటే ఏడుస్తుందనుకున్నా. టోపీ పెట్టి, సీసా సంచిలో సర్ది, చేతికిచ్చేసింది. మొహం ఎంత తేటగా ఉందో! హాయిగా ఉందా? లేకపోతే పిల్ల వెళ్లిపోతోందనే సంగతి అందలేదా?"

"నాకు తెలియదండి."

బిందుమాధవి పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. కోపం పోయింది, దాని చోట ఏం వచ్చిందో ఇంకా తేల్చుకోనట్టుంది.

"రిపోర్టులో ఏం రాస్తారు? ఇరవై మూడా, ఇరవై నాలుగా?"

"విడివిడిగా ఏ గడిలో ఎంతో రాస్తాను. పేరు గడిలో జరిగింది జరిగినట్టు రాస్తాను. మొత్తం మాత్రం వేయను."

బస్సు కదిలింది. బిందుమాధవి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మొత్తం వేయకుండా పేపరిస్తే మా స్కూల్లో ఊరుకోరు మేడం!"

"మా డాక్టరుగారూ ఊరుకోరు" అంది మాధురి బస్సు వెంట రెండడుగులు నడుస్తూ. అది ఆమెకు వినపడిందో లేదో.